ఎడమకు ఒకటి, కుడికి రెండు

కోచింగ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు చిల్కానగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, ఆరోగ్యం అడుగుతారు, గోడ మీది గ్రూపు ఫోటోలు చూస్తారు. ఆఖరికి అసలు సంగతికి వస్తారు. "సార్, మీ టీమ్ దర్వాజ ఎట్ల ఆడేదో జర గీసి సూపెట్టున్రి." గీసి ఇస్తాను. రెండు గీతలు, ఒక బాణం గుర్తు. సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకుని దండం పెట్టి వెళ్ళిపోతారు. ఆ బొమ్మలో అసలు సంగతి లేదని చెబుదామంటే వినే ఓపిక ఒక్కడికీ లేదు. నాకు ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను.

నాచారంలో ఒక కంపెనీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి కోచ్‌గా చేసి రిటైరయ్యాను. ఆట కోసమే ఉద్యోగమిచ్చి, జీతమిచ్చి ఆడించే టీమ్ అది, టోర్నమెంట్లు లేనప్పుడు షిఫ్టు డ్యూటీ కూడా ఉండేది. నాకు ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో, ఎన్ని కప్పులు తెచ్చామో రాయను. కప్పులు కంపెనీ షోకేసులో ఉన్నాయి, దుమ్ము దులిపే దిక్కులేదు. ఇద్దరు మనుషుల గురించి రాస్తాను. నర్సింగ్, రమేశ్. నా ఉద్యోగం ఏమిటో నాకు నేర్పింది వాళ్ళే. అట్లా నేర్చుకోవాల్సి వచ్చినందుకు నాకు సంతోషం లేదు.

అడ్డం నిలబడటం

ముందు ఆట సంగతి. ఈ ఎత్తుగడని ప్రపంచమంతా ఆడుతుంది. టీవీలో చూసే పెద్ద లీగుల్లో కోట్లు తీసుకునేవాళ్ళు కూడా పదే పదే ఆడేది ఇదే. బంతి నేలకు కొడుతూ తెచ్చేవాడిని గార్డ్ అంటాం. అవతలి టీమ్ మనిషి ఒకడు వాడిని అంటిపెట్టుకుని ఉంటాడు. అప్పుడు మన టీమ్‌లో ఎత్తరి, అంటే సెంటర్, పరుగున వచ్చి ఆ కాపలావాడి దారికి అడ్డంగా నిలబడతాడు. దీన్ని స్క్రీన్ అంటారు. కాళ్ళు బిగబట్టి, చేతులు గుండెల మీద పెట్టుకుని ఊరికే నిలబడాలి. అవతలివాడు వచ్చి గుద్దుకున్నా కదలకూడదు. భుజం విసిరినా, నడుం తిప్పినా రిఫరీ విజిల్ వేస్తాడు.

గార్డ్ తనవాడి భుజానికి భుజం రాసుకుంటూ దూసుకుపోవాలి. మధ్యలో సందు ఉంటే కాపలావాడు ఆ సందులోంచి దూరి వెంటపడతాడు. రాసుకుంటూ పోతే వాడు మన సెంటర్‌కి గుద్దుకుని అక్కడే ఆగిపోతాడు. ఇప్పుడు సెంటర్‌ని కాచే మనిషికి చిక్కొచ్చిపడుతుంది. బంతితో వస్తున్నవాడిని ఆపాలా, తన మనిషిని చూసుకోవాలా? వాడు బంతి వైపు ఒక్క అడుగు వేశాడంటే మన సెంటర్ గిరుక్కున తిరిగి చేయి చాపి బాస్కెట్ వైపు పరుగెత్తుతాడు. గార్డ్ ఆ చేతికి బంతి అందిస్తాడు. వాడు అడుగు వేయకపోతే గార్డే స్వయంగా బాస్కెట్ వేసేస్తాడు. ఎటు చూసినా అవతలివాళ్ళకి ఒక మనిషి తక్కువే.

మా టీమ్‌లో దీనికి దర్వాజా అని పేరు పెట్టింది నర్సింగ్. ఆలేరు దగ్గర పల్లె నుంచి వచ్చాడు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు, మాట మెత్తన. "సార్, నేను దర్వాజ చౌకట్ లెక్క నిలవడ్తున్న, రమేశ్ నా పక్కపొంట లోపలికి పోతున్నడు. గంతే గదా" అన్నాడు మొదటి రోజు, ద్వారబంధంలా బిగిసి నిలబడి చూపిస్తూ. అంతకంటే బాగా నేను ఏ క్లాసులోనూ చెప్పలేకపోయాను.

కొత్త కోచ్‌లకి ఇక్కడ ఒక మాట. దెబ్బ తినేది అడ్డం నిలబడ్డవాడు, చప్పట్లు గార్డ్‌కి. మర్నాడు పేపర్లో పేరూ గార్డ్‌దే. పక్కటెముకల మీద కమిలిన మచ్చల్ని ఎవరూ ఫోటో తీయరు. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. విరామంలో నీళ్ళ సీసా ముందు అడ్డం నిలబడ్డవాడికి నా చేత్తో ఇచ్చేవాణ్ణి, బాస్కెట్ వేసినవాడికి ఆ తర్వాతే. చిన్న పనే, అందరూ చూస్తారు.

బావా, ఎడమ

దర్వాజా తెరవడానికి నోరు అక్కర్లేదు. కళ్ళు చాలు, భుజాలు చాలు. కానీ అవతలి టీమ్ కూడా ఇదే ఆడుతుంది కదా. అప్పుడు ఆ దర్వాజా మూయాలంటే మాత్రం నోరు కావాలి. ఎందుకంటే, బంతివాణ్ణి కాచేవాడి కళ్ళు బంతి మీదే ఉంటాయి. పక్కన ఎవడొచ్చి నిలబడ్డాడో వాడికి కనబడదు. వెనక ఉన్న మన సెంటర్‌కి కనబడుతుంది. స్క్రీన్ ఎడమన ఉందో కుడిన ఉందో అతనే అరిచి చెప్పాలి. చెప్పకపోతే ముందున్నవాడు కళ్ళుండీ గుడ్డివాడే. నిండు పరుగులో పోయి మనిషికి గుద్దుకుంటాడు.

మా టీమ్‌లో ముందుండి కాచేది రమేశ్, వెనకనుంచి చెప్పేది నర్సింగ్. రమేశ్ జనగామ వైపువాడు. చురుకైనవాడు, కాస్త నవ్వులాటగాడు. ఇద్దరూ కొన్నేళ్ళు కలిసి ఆడాక నర్సింగ్ తన చెల్లెలు సుజాతని రమేశ్‌కిచ్చి పెళ్ళి చేశాడు. ఆ పెళ్ళిలో మా టీమంతా వడ్డన చేశాం. అప్పట్నుంచి కోర్టులో అరుపు మారిపోయింది. అందరూ ఇంగ్లీషులో లెఫ్ట్, రైట్ అని అరుస్తుంటే మావాడు "బావా, ఎడమ" అనేవాడు. "బావా, కుడి" అనేవాడు. అవతలి టీమ్‌లవాళ్ళు పడి పడి నవ్వేవాళ్ళు. ఒక రిఫరీ అయితే, "ఏందన్నా, ఆటకొచ్చిన్రా, లగ్గానికొచ్చిన్రా" అని నన్నడిగాడు. నవ్వితే నవ్వారు. ఆ రోజుల్లో మా మీద ఎవరికీ దర్వాజా తెరుచుకోలేదు.

గుట్ట మీద

రమేశ్‌కి పాప పుట్టింది. పుట్టువెంట్రుకలు తీయడానికి యాదగిరిగుట్టకి పోవాలనుకున్నారు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, మొదటి కత్తెర మేనమామ చేతే వేయించాలి. అది అతని హక్కు. నర్సింగ్‌కి ఆ రోజు పొద్దున దాకా కంపెనీలో డ్యూటీ. తర్వాతి షిఫ్టులో రావాల్సినవాడు రాలేదు, మిషన్ వదిలి కదలడానికి లేదు. ఎట్లాగో బయటపడి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సెక్కాడు. పాపకి కొత్త గౌను, వెండి పట్టీలు సంచిలో పెట్టుకున్నాడు.

గుట్ట మీద పంతులు ముహూర్తం దాటిపోతోందన్నాడు. రమేశ్ వాళ్ళ పెద్దనాన్న తొందరపెట్టాడు. వరసకు మామ అయ్యే ఇంకెవరి ఒళ్ళోనో పాపని కూర్చోబెట్టి పని కానిచ్చారు. నర్సింగ్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి పాప గుండు మీద గంధం కూడా ఆరిపోయింది. సంచి చెల్లెలి చేతికిచ్చి, అన్నం కూడా తినకుండా దిగి వెళ్ళిపోయాడు.

సంగతి తెలిసి నేను బోడుప్పల్‌లో అతని ఇంటికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"బీబీనగర్ దాటిన అని ఫోన్ జేసిన సార్. జర ఆగున్రి అన్న. ఆగలే. నా ఒళ్ళె కూసోవాల్సిన పిల్ల."

"పెద్దలు తొందరపెట్టిన్రంట గదా. రమేశ్ ఏం జేస్తడు?"

"బావ ఒక్క మాట అంటె ఆగకపోదురా?"

అక్కడినుంచి రమేశ్ దగ్గరికి పోయాను. అతను తల వంచుకుని, "తప్పు నాదే సార్, కాదంటలే. పెద్దనాయనకు ఎదురు చెప్పలేకపోయిన. రోజూ ఫోన్ జేస్తున్న, బావ ఎత్తుతలేడు" అన్నాడు. మన ఇళ్ళలో ఇది కొత్త కాదు. ఒకే వాకిట్లో ఉంటూ ఏళ్ళ తరబడి మాటలు బంద్ చేసుకున్న అన్నదమ్ముల్ని ఎంతమందిని చూడలేదు? పంతం పట్టినవాడు చెడ్డవాడు కానక్కర్లేదు. నర్సింగ్ మంచివాడు కాబట్టే అంత నొచ్చుకున్నాడు.

చప్పట్లు

విచిత్రమేమిటంటే, మాటల్లేకపోయినా దర్వాజా తెరుచుకుంటూనే ఉంది. నర్సింగ్ వచ్చి నిలబడేవాడు, రమేశ్ భుజం రాసుకుంటూ పోయేవాడు, చాచిన చేతికి బంతి అందేది. మునుపటికంటే పాయింట్లు ఎక్కువే వచ్చేవి. బాస్కెట్ పడ్డాక మాత్రం ఇద్దరూ చెరోవైపు నడిచిపోయేవాళ్ళు. చూసేవాళ్ళకి ఏమీ తెలియదు.

గొడవ డిఫెన్స్‌లో వచ్చింది. ప్రాక్టీసులో అవతలివాడు స్క్రీన్ పెట్టాడు, నర్సింగ్ నోరు మెదపలేదు. రమేశ్ పోయి గుద్దుకున్నాడు. నేను విజిల్ వేసి ఆపాను.

"మాట్లాడితే నోట్లె ముత్యాలు రాల్తయా నర్సింగ్?"

తల దించుకున్నాడు. మర్నాటి నుంచి మొదలైంది ఆ చప్పట్ల వ్యవహారం. అవతలి ఎత్తరి ఎడమకు వస్తే నర్సింగ్ ఒక చప్పట కొట్టేవాడు. కుడికి వస్తే రెండు. బావా అనడం ఇష్టం లేదు, బావ దెబ్బ తినడమూ ఇష్టం లేదు. పెద్దమనిషి దానికి ఈ దారి వెతుక్కున్నాడు. అది నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. రమేశ్‌కి అర్థమైందో లేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇద్దరూ దాని గురించి మాట్లాడుకుంటే కదా. పక్కకు తప్పుకుంటూనే ఉన్నాడు. విని తప్పుకుంటున్నాడో, తన ఒడుపుతో తప్పుకుంటున్నాడో చెప్పలేం.

ఇది పనికిరాదని నాకు తెలుసు. ఇద్దర్నీ కూర్చోబెట్టి చూశాను. సుజాతని పిలిపించి చెప్పించాను. నర్సింగ్‌ని బయట కూర్చోబెట్టాను కూడా. వరసగా ఓడాం. క్రీడలు చూసే మేనేజర్ పిలిచాడు. ఆటంటే స్కోరుబోర్డు అనుకునే రకం.

"ఏందయ్యా, వాళ్ళింటి లొల్లి నా టీమ్‌కెందుకు దెస్తున్నవ్? ఇద్దరు ఆడ్తే పాయింట్లు వస్తున్నయా, లేదా?"

"వస్తున్నయి సార్. కానీ డిఫెన్స్‌ల మాట్లాడుతలేరు."

"చప్పట్లు కొడ్తున్నడట గదా, ఇంకేంది?"

నవ్వాడు. అతని పక్కనున్నవాళ్ళూ నవ్వారు. నర్సింగ్‌ని మళ్ళీ ఆటలోకి తీసుకున్నాను. దాని గురించి ఇక్కడ సంజాయిషీ ఏమీ రాయను. కొత్తగా వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకుంటే చాలు. పాయింట్లు వస్తున్నంతకాలం టీమ్ బాగుందని పైవాళ్ళు అంటారు. బాగుందో లేదో చెప్పాల్సింది మీరు. ఇద్దరు మనుషులు మాట్లాడుకోని టీమ్‌ని, ఎవరేమన్నా సరే, కోర్టులోకి పంపకండి.

హాల్లో

ప్రాక్టీసు కోర్టు ఖాళీగా ఉంటుంది. అక్కడ చప్పట బాగా వినబడుతుంది. టోర్నమెంటు జరిగింది మూసిన హాల్లో. అవతలి టీమ్‌వాళ్ళు డప్పులు తెచ్చారు. గ్యాలరీలో జనం లయగా చప్పట్లు కొడుతున్నారు. ఈ సంగతి నర్సింగ్ బుర్రకు తట్టలేదు. హాలంతా చప్పట్లే అయినప్పుడు అతని చప్పట ఎవరికి వినబడుతుంది?

నేను బెంచీ మీద ఉన్నాను. అవతలి గార్డ్ మా ఎడమవైపు దూసుకొచ్చాడు. రమేశ్ కళ్ళు బంతి మీద పెట్టి వాడితో పాటే కదిలాడు. వాళ్ళ ఎత్తరి వచ్చి అడ్డం నిలబడ్డాడు. పద్ధతిగా నిలబడ్డాడు, చేతులు గుండెల మీదే ఉన్నాయి. అతని తప్పేమీ లేదు. నర్సింగ్ రెండు చేతులూ పైకెత్తి ఒక్క చప్పట కొట్టాడు. నేను చూశాను, నాకు వినబడలేదు. రమేశ్ ఎడమ కణత ఆ మనిషి భుజానికి తగిలింది. వెనక్కి పడ్డప్పుడు తల చెక్క నేలకి కొట్టుకుంది.

నర్సింగే ముందు చేరుకున్నాడు. మోకాళ్ళ మీద కూలబడి, "బావా" అన్నాడు. గుట్ట నుంచి వచ్చాక మొదటిసారి. రమేశ్ కళ్ళు తెరిచే ఉన్నాయి, ఏదో అనబోయాడు. మాట రాలేదు. అటునుంచి అటే దవాఖానాకు తీసుకుపోయాం. తలకు ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. మాట పోయింది. కుడి చేయీ కాలూ స్వాధీనం తప్పాయి. చిన్న చిన్న మాటలు అర్థమవుతాయి, పొడుగ్గా అడిగితే తికమకపడతాడు, ఓపిక పట్టాలి అని డాక్టరు చెప్పాడు.

వార్డు బయట వరండాలో నర్సింగ్ నా చేయి వదల్లేదు.

"చప్పట కొట్టిన సార్. మీరు సూసిన్రు గదా."

"సూసిన నర్సింగ్."

"బావకు గది సమజైతుండెనా సార్? గన్నిదినాల్ల ఎన్నడన్న సమజైందా? నేను ఉత్తగనే కొట్టిన్నా?"

గోడకు ఆనుకుని కూర్చున్న సుజాత తలెత్తింది. అరవలేదు, తిట్టలేదు.

"నీకు నోరుండె గదనే అన్నా."

అంతే అంది. నా సర్వీసులో చాలామంది చేత మాటలు పడ్డాను. ఆ మాట నన్నన్నది కాదు. అయినా ఇప్పటికీ పొద్దున్నే నిద్ర లేవగానే నాకు గుర్తొచ్చేది అదే.

కుడిపక్క మోరి

నర్సింగ్ ఆట మానేశాడు. డ్యూటీ చేసుకుంటున్నాడు. బోడుప్పల్ ఇల్లు అద్దెకిచ్చి రమేశ్ వాళ్ళ గల్లీలోకే మారాడు. వాళ్ళూ మా చిల్కానగర్‌లోనే ఉంటారు. రోజూ పొద్దున బావని బండి మీద ఎక్కించుకుని నాచారం కోర్టుకి తెచ్చి, చుట్టూ ఉన్న దారిలో నడిపిస్తాడు. రమేశ్‌కి కుడివైపు సరిగా కనబడదు కూడా. అందుకని నర్సింగ్ కుడిపక్కనే నడుస్తూ, మురిక్కాలువ, రాయి, మలుపు ఏదొచ్చినా అడుగడుగుకీ చెబుతుంటాడు. "బావా, కుడిపక్క మోరి." "బావా, ముంగట రాయి, కాలెత్తు." "బావా, మలుపు." గొంతు ఎండిపోయినా ఆపడు. అప్పుడు అనని బావలన్నీ ఇప్పుడు అంటున్నాడు. అది వింటుంటే నాకు ఏడుపొస్తుంది. ముసలితనం అని మా ఆవిడ అంటుంది, కాదు.

పాప ఇప్పుడు మేనమామ చేయి పట్టుకునే బడికి పోతోంది. సుజాత అన్నతో మాట్లాడుతుంది, అవసరమైనంత వరకే.

నర్సింగ్ మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. కోర్టు గట్టు మీద కూర్చున్నప్పుడు బావ కళ్ళలోకి చూస్తూ అడిగేవాడు. "బావా, గప్పుడు నేను చప్పట్లు కొడ్తుంటి. ఎడమకు ఒకటి, కుడికి రెండు. నీకు ఎరుకేనా?" రమేశ్ అతని మొహం కేసే చూసేవాడు. "ఆ" అనేవాడు. అన్నిటికీ ఆ మాటే. అన్నం తిన్నావా అన్నా ఆ, వాన పడుతోందా అన్నా ఆ. నర్సింగ్ చప్పట్లు కొట్టి చూపించేవాడు కూడా. రమేశ్ నవ్వేవాడు. ఇక నర్సింగ్ లేచి పక్కకు పోయి నిలబడేవాడు. "ఊకోవయ్యా, గా పిలగాన్ని సతాయించకు" అని నేను చాలాసార్లు కసిరాను. వింటేనా. అతనికి కావలసింది క్షమాపణ కాదు. మాటలు బంద్ పెట్టిన ఆ రోజుల్లో కూడా తన కబురు బావకి చేరేదా, లేదా. అదొక్కటే.

రిటైరయ్యాక నేనూ వాళ్ళతో నడుస్తున్నాను. చేతిలో నీళ్ళ సీసా పాత అలవాటు.

మొన్న ఒక ఆదివారం నడక అయ్యాక టీ తాగడానికి నాచారం మెయిన్ రోడ్డు దాటాలి. రోజూ చేసినట్టే నర్సింగ్ ముందు రోడ్డు మీదికి దిగాడు, వచ్చే బండ్లని ఆపి మమ్మల్ని దాటించడానికి. నేనూ రమేశ్ అంచున నిలబడ్డాం. నర్సింగ్ కుడివైపు చూస్తున్నాడు, బండ్లు రావలసింది అటునుంచే కదా. ఎడమనుంచి రాంగ్ సైడ్‌లో ఒక బైక్ జోరుగా వస్తోంది. నేను చూశాను. ఇన్నేళ్ళు గొంతు చించుకుని అరిచిన వాణ్ణి, ఆ క్షణాన నాకు నోరు పెగల్లేదు.

నా పక్కన ఠప్పుమని చప్పుడైంది. రమేశ్ ఎడమ అరచేత్తో తన తొడ మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ.

వెనక్కి తిరిగి చూడకుండానే నర్సింగ్ ఒక్క ఉదుటున వెనక్కి దూకాడు. బైక్ అతని చొక్కా రాసుకుంటూ పోయింది. బండివాడు తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

నర్సింగ్ మెల్లగా మా వైపు తిరిగాడు. రమేశ్ మొహంలో కంగారు తగ్గలేదు. నర్సింగ్‌కి వినబడిందో లేదోనని అనుమానం వచ్చినట్టుంది, తొడ మీద మళ్ళీ కొట్టాడు. ఒకటే. ఎడమ.

"ఎరుకనా బావా," అన్నాడు నర్సింగ్. "నీకు ఎరుకేనా."

"ఆ," అన్నాడు రమేశ్.

నర్సింగ్ ఫుట్‌పాత్ అంచున కూలబడిపోయాడు. అంత పెద్ద మనిషి, బావ మోకాళ్ళు పట్టుకుని, తల వాటికి ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. రమేశ్ పనిచేసే ఎడమ చేత్తో అతని వీపు మీద మెల్లగా తడుతున్నాడు. అతని కళ్ళూ నిండాయి. నేను నీళ్ళ సీసా మూత తీశాను. దెబ్బ తిన్నవాడికి ముందు ఇవ్వాలన్నది నేను పెట్టుకున్న పద్ధతే. ఎవరికివ్వాలో తెలియక సీసా పట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడ్డాను.